దేవుడి తరఫున వాదించడం ఆపండి

ప్రశ్న: నేను జగిత్యాల జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. మా పాపకు ఆరేళ్ళు. బ్లడ్ క్యాన్సర్, ఎ.ఎల్.ఎల్. అనే రకం అన్నారు. హైదరాబాద్‌లో ఏడాదిన్నర ట్రీట్‌మెంట్ చేయించాం. మొదట తగ్గింది, తర్వాత తిరగబెట్టింది. మొన్న శ్రావణంలో పోయింది. అప్పటి నుంచి నా భార్య దేవుడి గదిలోకి వెళ్ళడం లేదు. "దేవుడు మంచోడే అయితే, అన్నీ చేయగలిగినోడే అయితే పాపకు ఇట్లా ఎందుకు కానిచ్చిండు? చేతకాకనా, ఇష్టం లేకనా?" అని అడుగుతుంది. దేవుడు పరీక్షిస్తున్నాడని చెప్పాను. ఆయన లీల మనకు అర్థం కాదన్నాను. చివరికి కర్మ అన్నాను. ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మా మేనత్త పరామర్శకు వచ్చి "పోయిన జన్మల ఏం పాపం చేసుకున్నదో బిడ్డ" అంది. పాప బాగైతే వేములవాడ రాజన్నకు కోడె కడతామని మా అమ్మ మొక్కుకుంది. ఆ మొక్కు అట్లాగే ఉంటే పిల్లవాడికి మంచిది కాదు, వెళ్ళి కట్టి రండి అంటోంది. నా భార్య రానంటోంది. మా అబ్బాయి ఏడో తరగతి. ఒక రాత్రి "చెల్లె ఏం తప్పు చేసింది డాడీ?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక పడుకోమన్నాను. నాకూ లోపల అనుమానంగానే ఉంది. లోకంలో ఇంత చెడు ఉండగా దేవుడున్నాడని నమ్మడం తప్పా? నా భార్యకు ఏమని జవాబు చెప్పాలి?

సమాధానం:

తమ్ముడూ,

నమ్మడం తప్పా అనీ, భార్యకు ఏం చెప్పాలనీ రెండు అడిగారు. రెండూ ఒకటేనని మీరు అనుకుంటున్నట్టున్నారు. కావు. మొదటిదాని గురించి నాకు తెలిసినంత చెబుతాను. రెండోదానికి మాత్రం ఇక్కడే చెబుతున్నాను: ఏ జవాబూ చెప్పకండి. కొంతకాలం దేవుడి తరఫున వాదించడం ఆపండి. ఆమె పాప గురించి మాట్లాడుతోంది, మీరు దేవుడి గురించి మాట్లాడుతున్నారు. మీ ఇద్దరి మధ్య మాట తెగింది అక్కడే.

ఆమె అడిగిన ప్రశ్న తప్పు ప్రశ్న కాదు, పాపపు ప్రశ్న అంతకన్నా కాదు. "చెడును ఆపాలని ఉండీ ఆపలేకపోతున్నాడా? అయితే ఆయన శక్తిమంతుడు కాడు. ఆపగలిగీ ఆపడం లేదా? అయితే మంచివాడు కాడు." ఈ మాటలు గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్‌వని చెబుతారు. ఆయన క్రీస్తుకు మూడు వందల ఏళ్ళ ముందువాడు. స్కాట్లండ్‌కు చెందిన తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ రాసి, ఆయన చనిపోయాక 1779లో అచ్చయిన పుస్తకంలో ఇదే ప్రశ్న మళ్ళీ వస్తుంది. మీ భార్య వీటిలో ఏదీ చదివి ఉండకపోవచ్చు. చదవకుండానే ఆ ప్రశ్న దాకా వచ్చింది. పిల్లను పోగొట్టుకున్న తల్లికి దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు.

చదువుకున్నవాళ్ళు దీని మీద ఎక్కడిదాకా వచ్చారో చెబుతాను, మీరు ఉపాధ్యాయులు కాబట్టి. 1955లో జె.ఎల్. మ్యాకీ అనే తత్వవేత్త, సర్వశక్తిమంతుడూ పరమ మంచివాడూ అయిన దేవుడు ఉండటం, లోకంలో చెడు ఉండటం ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవని, రెండూ కలిపి నమ్మేవాడు తనను తానే ఖండించుకుంటున్నాడని వాదించాడు. 1970లలో ఆల్విన్ ప్లాంటింగా దానికి బదులిచ్చాడు. మనుషులకు నిజమైన స్వేచ్ఛ ఇస్తే వాళ్ళు చెడు చేసే అవకాశం కూడా అందులోనే ఉంటుంది, స్వేచ్ఛ ఇస్తూనే చెడు జరగకుండా చూడటం దేవుడికైనా కుదరకపోవచ్చు, కాబట్టి రెండూ కలిసి ఉండటంలో వైరుధ్యం లేదు అని. దేవుణ్ణి నమ్మని తత్వవేత్తల్లో కూడా చాలామంది ఈ మాట ఒప్పుకున్నారు. అలాగని చర్చ ముగియలేదు. వైరుధ్యం లేకపోతే మానె, ఇంత బాధ, అదీ ఏ ప్రయోజనమూ కనిపించని బాధ చూశాక దేవుడు ఉన్నాడనుకోవడం ఎంతవరకు సబబు అని 1979లో విలియం రో అడిగాడు. ఎవరూ లేని అడవిలో మంటల్లో చిక్కుకుని, కాలిన ఒంటితో రోజుల తరబడి పడి ఉండి చచ్చిపోయే జింకపిల్లను ఉదాహరణగా చూపించాడు. దాని బాధ వల్ల ఎవరికి ఏం మేలు జరిగింది? ఈ ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబు ఇవాళ్టికీ లేదు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: నమ్మడం తప్పు కాదు. చెడు ఉంది కాబట్టి దేవుడు లేడని ఎవరూ లెక్క కట్టి తేల్చలేదు. కానీ ఉన్నాడని నమ్మేవాడికి చెడు ఎందుకుందో తెలిసి ఉండాలన్న రూలు కూడా లేదు. మీకు వచ్చిన చిక్కు అది. నమ్ముతున్నాను కాబట్టి వివరించాలి అనుకున్నారు. వివరించలేకపోతే నా నమ్మకం ఉత్తదే అవుతుందని భయపడ్డారు. ఆ భయంతో చేతికి దొరికిన ప్రతి వివరణా తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టారు.

ఆ వివరణలు చూద్దాం. మనుషుల స్వేచ్ఛ గురించి పైన చెప్పింది హత్యకు, మోసానికి, యుద్ధానికి పనికొస్తుంది. మీ పాప జబ్బుకు పనికిరాదు. అక్కడ ఎవరి స్వేచ్ఛా లేదు. ఎముక మజ్జలో రోజూ కోట్ల కణాలు విభజన చెందుతూ కొత్త రక్తం తయారవుతుంది. అలా విభజన చెందేటప్పుడు ఒక్కోసారి ఏదో ఒక కణంలో జన్యువుల్లో పొరపాటు పడుతుంది. ఎ.ఎల్.ఎల్. ఎక్కువమంది పిల్లల్లో అలాంటి పొరపాట్ల వల్లే మొదలవుతుంది. తల్లి తిన్నదాని వల్లో, తండ్రి చేసినదాని వల్లో కాదు. మీ ఇద్దరిలో ఎవరి మనసులోనైనా ఆ అనుమానం ఉంటే దయచేసి తీసేయండి.

పరీక్ష అన్నారు. ఎవరికి పరీక్ష? మీకూ మీ భార్యకూ అయితే, మీ ఇద్దరి సహనం కొలవడానికి ఒక ఆరేళ్ళ పిల్లను వాడుకున్నాడన్నమాట. ఏ మనిషి ఆ పని చేసినా మనం క్షమించం. మనిషి చేస్తే క్రూరత్వం అనేదాన్ని దేవుడు చేస్తే గొప్పతనం అనడం నాకు చేతకాదు. లీల అన్న మాటా అంతే. సృష్టి ఆయనకు అవసరమై చేసిన పని కాదు, ఆనందంతో చేసినదని చెప్పడానికి వేదాంతులు వాడిన మాట అది. దాన్ని తీసుకొచ్చి కీమో వార్డు గుమ్మం ముందు పెడితే, ఆడుకోవడానికి నా బిడ్డే దొరికిందా అని తల్లి అడుగుతుంది. అడగాలి కూడా.

కర్మ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మీ ఇంట్లో గాయం చేసింది అదే. కర్మ సిద్ధాంతాన్ని నేను తేలిగ్గా తీసిపారేయడం లేదు. బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయంలో మీ భార్య అడిగిన ప్రశ్నే వస్తుంది. ఒకణ్ణి సుఖంగానూ ఇంకొకణ్ణి దుఃఖంగానూ పుట్టించిన దేవుడికి పక్షపాతం, నిర్దయ అంటవా అని. అంటవు, ఆయన జీవుల కర్మను బట్టి ఇస్తాడు అని సూత్రం. శంకరాచార్యులు తన భాష్యంలో అక్కడ వానను ఉదాహరణగా చెప్పారు. వాన అన్ని చేలలోనూ ఒకేలా కురుస్తుంది. వరి వరిగా, యవలు యవలుగా మొలిచేది విత్తనాన్ని బట్టి. మరి మొట్టమొదటి విత్తనం ఎక్కడిది అంటే, సంసారానికి మొదలు లేదు అన్నారు. అంటే ఆ కాలపు పండితులు ఈ ప్రశ్నను దాటేయలేదు. దేవుడి మీద పడిన క్రూరత్వం అనే నేరాన్ని గట్టిగా ఎత్తి చెప్పి, దానికి తమకు తోచిన జవాబు ఇచ్చారు.

కానీ ఆ జవాబు వల్ల దేవుడు నిర్దోషి అయ్యాడు, నేరం పిల్ల మీదికి వచ్చింది. ఆ పిల్లకు తాను చేసిందేమిటో తెలియదు. గుర్తు లేదు. దిద్దుకునే దారి లేదు. మీరు బడిలో ఒక పిల్లవాణ్ణి ఎందుకో చెప్పకుండా కొడితే, వాడు ఏం నేర్చుకుంటాడు? ఇది నా అభ్యంతరం. దీనికి కర్మ సిద్ధాంతాన్ని నమ్మే పెద్దలు తమ జవాబులు తాము చెబుతారు. నాకు అవి సరిపోలేదు.

దానికన్నా ముఖ్యమైంది ఇంకొకటి ఉంది. తన కష్టాన్ని చూసి "నా కర్మ" అనుకున్న మనిషి, దాన్ని భరించడానికి ఏదో ఒక పట్టు వెతుక్కుంటున్నాడు. అది అతని హక్కు. ఎదుటివాడి కష్టాన్ని చూసి "నీ కర్మ" అనడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు. మీ మేనత్త అన్నది ఆ మాట. ఆమె దుర్మార్గురాలు కాకపోవచ్చు. ఇలాంటిది మా ఇంట్లో జరగదులే అన్న ధైర్యం కోసం మనుషులు అలా మాట్లాడతారు. కారణం పిల్లలోనో తల్లిదండ్రుల్లోనో ఉందని తేలితే తాము క్షేమం అనుకుంటారు. మీరు మాత్రం ఆ మాట అన్నందుకు భార్యకు క్షమాపణ చెప్పాలి. వివరణ ఏమీ కలపకుండా చెప్పండి. "కర్మ అని అనకుండా ఉండాల్సింది. పాప ఏ తప్పూ చేయలేదు, నువ్వూ చేయలేదు." ఇంతే.

పెద్ద మనుషులు కూడా ఈ గుంటలో పడ్డారు. 1934 జనవరి 15న బిహార్‌లో, నేపాల్‌లో భూకంపం వచ్చి పది వేల మందికి పైగా చనిపోయారు. గాంధీ అప్పుడు అంటరానితనానికి వ్యతిరేకంగా దక్షిణాదిలో యాత్ర చేస్తున్నారు. ఆ భూకంపం అస్పృశ్యత అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ బాధపడ్డారు. అంటరానితనం మీద పోరాటంలో గాంధీతో ఉన్న మనిషే ఆయన, అయినా భూమి కంపించడాన్నీ మనుషుల పాపాన్నీ ముడిపెట్టడం సరికాదని బహిరంగంగా రాశారు. గాంధీ ఆ లేఖను తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి, తన నమ్మకం తనదేనని కూడా రాశారు. గాంధీ ఉద్దేశం మంచిదే. కానీ ఆ శిథిలాల కింద అంటరానివారిగా బతికినవాళ్ళూ ఉన్నారు, ఎవరినీ దూరం పెట్టడం ఇంకా నేర్చుకోని పసిపిల్లలూ ఉన్నారు. పాపానికి శిక్ష అంటే పాపం చేసినవాడి మీద పడాలి కదా. ఇందులో నేను ఠాగూర్ పక్షం.

ఇప్పుడు మీ ఇంట్లో వాదన గురించి. అచ్చంగా ఇదే వాదన ఒక భార్యాభర్తల మధ్య మహాభారతంలో జరిగింది. అరణ్యపర్వంలో, ద్వైతవనంలో. ద్రౌపది ధర్మరాజును అడుగుతుంది: ధర్మాన్ని కాపాడితే అది మనల్ని కాపాడుతుందని పెద్దలు చెప్పగా విన్నాను, నిన్ను మాత్రం అది కాపాడటం లేదే? అక్కడితో ఆగదు. విధాత ప్రాణులతో తల్లిలా తండ్రిలా నడుచుకోవడం లేదు, కోపంతో ప్రవర్తించే మామూలు మనిషిలా ఉన్నాడు అంటుంది. పిల్లవాడు బొమ్మలతో ఆడుకున్నట్టు మనుషులతో ఆడుకుంటున్నాడు అంటుంది. తమ్ముడూ, ఇది నాస్తికుల పుస్తకంలోది కాదు. మనం పీట మీద పెట్టి చదువుకునే భారతంలోది. ఆ మాటలు వ్యాసుడు తీసేయలేదు.

ధర్మరాజు మొదట మీరు చేసిన పనే చేశాడు. నువ్వు నాస్తికురాలిలా మాట్లాడుతున్నావు అన్నాడు. శాస్త్రాలు చెప్పాడు, ఋషుల పేర్లు చెప్పాడు. ఆ సంభాషణలో నాకు నచ్చింది అదేమీ కాదు, తన గురించి తాను చెప్పుకున్న ఒక్క మాట. నేను ఫలం కోసం ధర్మం చేయడం లేదు రాజపుత్రీ, ఇవ్వాలి కాబట్టి ఇస్తున్నాను, చేయాలి కాబట్టి చేస్తున్నాను, ధర్మాన్ని పిండుకుని లాభం తీసుకుందామనుకునేవాడు ధర్మంతో వ్యాపారం చేసేవాడు అన్నాడు. ఇందులో ఆమెకు ఉపదేశం లేదు. దేవుడు ఎందుకిలా చేశాడో వివరణ లేదు. నేను ఎందుకు ఇంకా ఇలా ఉన్నానో చెబుతున్నాను, అంతే. మీ భార్య మిమ్మల్ని "నువ్వు ఇంకా దీపం ఎందుకు పెడుతున్నవ్?" అని అడిగితే, అప్పుడు మీకు మాట్లాడే హక్కు ఉంటుంది. మీ గురించి చెప్పండి. నాకూ తెలియదు, పెట్టకపోతే ఇంకా ఒంటరిగా అనిపిస్తుంది అని అనిపిస్తే అదే చెప్పండి.

ద్రౌపది ఆ తర్వాత ఒక మాట అంటుంది. నేను ధర్మాన్నీ ఈశ్వరుణ్ణీ కించపరచడం లేదు, బాధలో ఉండి ఇలా వాగుతున్నానని తెలుసుకో అని. భర్త ముందే తెలుసుకోవలసిన సంగతి అది. ఆమె నోరు విప్పి చెప్పుకోవలసి వచ్చింది. మీరు ఆ అవసరం రానివ్వకండి.

బైబిల్‌లో యోబు కథ మీకు తెలిసే ఉంటుంది, మీ స్టాఫ్ రూములో క్రైస్తవ మిత్రులుంటే వాళ్ళనడగండి. యోబు పది మంది పిల్లలను ఒకే రోజు పోగొట్టుకుంటాడు. ముగ్గురు స్నేహితులు వస్తారు. ఏడు రోజులు అతనితో పాటు నేల మీద కూర్చుంటారు, ఒక్క మాట మాట్లాడకుండా. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. ఎనిమిదో రోజు నుంచి నోరు తెరిచి, నువ్వు ఏదో పాపం చేసే ఉంటావు, దేవుడు అన్యాయం చేయడు అని వాదించడం మొదలుపెడతారు. యోబు ఒప్పుకోడు. దేవుడినే నిలదీస్తాడు, నా మీద నేరమేమిటో చెప్పమంటాడు. చివరికి దేవుడు ఎవరి మీద కోపగించుకున్నాడు? తనను నిలదీసిన యోబు మీద కాదు, తన తరఫున వాదించిన ఆ స్నేహితుల మీద. నా గురించి యోబు మాట్లాడినట్టు మీరు సరిగ్గా మాట్లాడలేదు అంటాడు. యోబుకు కారణం మాత్రం చెప్పడు. ఆఖరి పేజీ దాకా చెప్పడు. ఆ కథలో నాకు సమాధానపడని సంగతులు ఉన్నాయి. చివర్లో యోబుకు మళ్ళీ పిల్లలు పుడతారు, కానీ కొత్తగా పుట్టిన పిల్లలు పోయిన పిల్లలకు బదులు కారు. కానీ పక్కన కూర్చోవడానికీ వాదించడానికీ ఉన్న తేడా ఇంత స్పష్టంగా చూపించిన చోటు నేను ఇంకొకటి చూడలేదు.

మన దగ్గర రామదాసు లేడా? గోల్కొండ జైల్లో ఉండి, నగలన్నీ నేను చేయిస్తే ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావు అని రాముడినే తిట్టాడు. దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టానయ్యా అని మళ్ళీ ఆయనతోనే చెప్పుకున్నాడు. ఆ తిట్టును మనం దాచిపెట్టలేదు, కీర్తనగా గుళ్ళో పాడుకుంటున్నాం. కాబట్టి మీ భార్య కోపం చూసి ఆమె దేవుడికి దూరమైపోయిందని మీరు గానీ మీ అమ్మగారు గానీ తీర్పు చెప్పకండి. ఆమె దూరం కావచ్చు, కాకపోవచ్చు. అది ఆమెకే ఇంకా తెలియదు.

ఒకవేళ నిజంగానే ఆమె నమ్మకం పోయి, తిరిగి రాలేదనుకోండి. అది జబ్బు కాదు. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారు దేవుడు లేడని నమ్మి, జీవితమంతా అంటరానితనం మీద పోరాడారు, గాంధీకి ఆప్తుడయ్యారు. నమ్మనివాడు మంచివాడు కాలేడన్నది అబద్ధమని చెప్పడానికి మన తెలుగు నేల మీదే కావలసినంత సాక్ష్యం ఉంది. మీరు దీపం పెట్టే ఇంట్లో ఆమె పెట్టకుండా ఉండవచ్చు. ఒకరి కోసం ఒకరు నటించక్కర్లేదు.

ఇక నేను ఎక్కడ నిలబడ్డానో చెప్పకపోతే మీకు న్యాయం చేసినట్టు కాదు. నేను నమ్ముతాను. చెడుకు కారణం తెలిసి నమ్మడం లేదు. పాప చావు దేవుడు కోరుకున్నదని, పంపినదని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. నా నమ్మకానికి ఉన్న ఒకే ఒక షరతు అది: దేవుడి పేరు నిలబెట్టడం కోసం చెడును మంచి అనను. ఈ షరతు పెట్టుకుంటే సర్వశక్తి అన్న మాటకు అర్థం నాకు తెలియకుండా పోతుంది, నిజమే. ఆ లోటుతో బతకగలను. ఆరేళ్ళ పిల్ల బాధను సమర్థించే నమ్మకంతో బతకలేను.

పాపకు వెన్నులోకి ఎక్కించిన మందుల్లోనో, ఇంట్లో వేసిన మాత్రల్లోనో మెథోట్రెక్సేట్ అన్న పేరు మీరు చూసే ఉంటారు. ఆ మందు వెనక భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. కుర్రతనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలనుకున్న మనిషి. ఆయన సోదరులను స్ప్రూ అనే పేగు జబ్బు తీసుకుపోయింది. ఆయన మందుల పరిశోధన వైపు నడిచారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది, స్ప్రూకు మందుగా పనికొచ్చింది అదే. ఆ దారిలోనే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో పోయేవాళ్ళు. ఇవాళ సంపన్న దేశాల్లో ఎ.ఎల్.ఎల్. వచ్చిన పిల్లల్లో నూటికి తొంభై మంది దాకా బతుకుతున్నారు.

మీ పాప బతకలేదు. అందుకే ఈ సంగతి ఓదార్పుగా చెప్పడం లేదు. ఒక పిల్లకు జబ్బు రావడం దేవుడి ఇష్టం అయితే, ఆ జబ్బుతో పోరాడిన సుబ్బారావు దేవుడికి ఎదురు తిరిగినట్టు. మీరు పాపను ఎత్తుకుని హైదరాబాద్ తిరిగిన ఏడాదిన్నరా దేవుడికి ఎదురు తిరిగినట్టు. నేను అలా అనుకోను. దేవుడంటూ ఉంటే ఆ ఏడాదిన్నరలో మీ వైపు ఉన్నాడు, జబ్బు వైపు లేడు. నాకు ఇంతకన్నా తెలియదు. ఇది కూడా మీ భార్యకు వినిపించమని చెప్పడం లేదు. మీరు అడిగారు కాబట్టి మీకు చెప్పాను.

మొక్కు సంగతి. మీ అమ్మగారు మొక్కింది పాప బాగైతే కోడె కడతామని. పాప బాగు కాలేదు. రాజన్నకు మీరు బాకీ లేరు. ఇంత నిక్కచ్చిగా చెప్పడం మీ అమ్మగారికి నచ్చకపోవచ్చు, కానీ ఆమె భయం ఇంకో చోట ఉంది. ఒక పిల్ల పోయింది, ఇంకో పిల్లవాడికి ఏమన్నా అవుతుందేమోనన్న వణుకు అది. ఆమె కూడా మనవరాలిని పోగొట్టుకున్న మనిషే, ఆమెను ఎవరూ పరామర్శించి ఉండరు. ఆ భయాన్ని అర్థం చేసుకోండి, కానీ దానికి లొంగకండి. మొక్కు చెల్లించలేదని పసివాడికి కీడు చేసేవాడు దేవుడు కాడని ఆమెతో మెల్లగా, నమ్మకంగా చెప్పండి. ఆమెకు వేములవాడ వెళ్ళాలని ఉంటే తీసుకెళ్ళండి. కోడె కట్టాలనిపిస్తే కట్టనివ్వండి, పాప పేరు మీద. అప్పు తీర్చినట్టు కాదు, ఆమె ఏడ్చుకోవడానికి ఒక చోటు దొరికినట్టు. మీ భార్యను మాత్రం రమ్మని అడగకండి. "అందరూ వెళ్తున్నాం, నువ్వొక్కదానివే" లాంటి మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. ఆ రోజు మీరు ఎక్కడ ఉండాలన్నది కూడా ఆలోచించండి. తమ్ముడో బావో ఉంటే అమ్మగారిని వాళ్ళతో పంపించి, మీరు భార్య దగ్గర ఉండటమే మంచిదని నాకనిపిస్తోంది.

ఆమెతో ఎలా ఉండాలో కూడా రెండు మాటలు. పాప పేరు ఇంట్లో మాట్లాడండి. చాలా ఇళ్ళల్లో గుర్తు చేస్తే ఏడుస్తుందని పేరే ఎత్తరు, తల్లికి బిడ్డ రెండోసారి పోయినట్టు ఉంటుంది. ఆమె అదే ప్రశ్న మళ్ళీ అడుగుతుంది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు వినండి, "నాకూ తెలుస్త లేదు" అనండి. అబద్ధం కాదు కదా, మీరే నాకు రాశారు లోపల అనుమానంగా ఉందని. ఆ సంగతి ఆమెకు చెప్పారా? ఆమె ఒక్కతే అనుమానిస్తోందని, మీరంతా గట్టిగా ఉన్నారని ఆమె అనుకుంటూ ఉండవచ్చు. ఒకటి మాత్రం గమనిస్తూ ఉండండి. నిద్ర, తిండి నెలల తరబడి సరిగ్గా లేకపోయినా, నేనూ పోతే బాగుండు అన్న మాట వచ్చినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. మీకు కూడా అవసరమైతే మొహమాటపడకండి.

మీ అబ్బాయికి మాత్రం జవాబు చెప్పాలి. ఇంతసేపూ జవాబులు వద్దన్నాను, కానీ వాడిది వేరు. వాడు దేవుడి గురించి అడగలేదు. చెల్లెలు తప్పు చేసిందా అని అడిగాడు. దానికి జవాబు ఉంది, మీకు తెలుసు. ఆ వయసు పిల్లలు ఇంకోటి కూడా లోపల పెట్టుకుంటారు: నేను దాన్ని ఒకసారి కొట్టాను, చచ్చిపో అని తిట్టాను, అందుకే పోయిందేమో అని. అడిగితే బయటికి చెప్పరు. మేనత్త మాట వాడి చెవిన పడిందో లేదో కూడా మీకు తెలియదు. అందుకని వాడు మళ్ళీ అడిగేదాకా ఆగకండి. పక్కన కూర్చోబెట్టుకుని, చెల్లె ఏ తప్పూ చేయలేదని, నువ్వూ చేయలేదని, అమ్మ చేయలేదని చెప్పండి. అది ఒక జబ్బని, దాని పేరు ఇదని, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని చెప్పండి. ఏడో తరగతి పిల్లవాడు, రక్తకణాల గురించి బడిలో వింటూనే ఉంటాడు, మీరు బోర్డు మీద చెప్పినట్టు చెప్పినా అర్థం చేసుకుంటాడు. మంచి పిల్ల కాబట్టి దేవుడు తీసుకెళ్ళాడని మాత్రం చెప్పకండి. మంచిగా ఉండటానికే భయపడతాడు. మరి దేవుడు ఎందుకు కాపాడలేదు అని వాడు అడిగితే, నాకూ తెలియదు నాన్నా, నేనూ అదే అడుగుతున్నాను అనండి. ఇంకో రోజు చూద్దామని వాయిదా వేయకండి, ఇవాళే మాట్లాడండి.